చంద్రభాగకు భయం పోయింది

పెళ్ళయి మా ఇంట్లో కాలుపెట్టిన మూడో రోజున చంద్రభాగ పైకి చూసి, "గీ దూలం ఎక్కువ దినాలు ఆగదు" అంది. కొత్త పెళ్ళికూతురు అనాల్సిన మాటేనా అది? మా అమ్మ యల్లమ్మ తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. నేను మాత్రం నవ్వి ఊరుకున్నాను. తర్వాత పదకొండేళ్ళు గడిచాయి. దూలం అలాగే ఉంది గానీ నా నవ్వు పోయింది.

మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళ పేట మా నీలం నగర్. అక్కడ మా గల్లీ మొత్తానికి ఆమె సంగతి తెలుసు. గడప దగ్గర ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునేది. పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ చూసేది. చూసిన ప్రతిదానిలో ఆమెకు చెడే కనిపించేది. పండరిపురం పోదామంటే బస్సు బోల్తా పడుతుందంది. పక్కింటి సుందరాబాయి కొత్త స్టవ్ కొంటే అది పేలుతుందంది. మా తమ్ముడి కూతుర్ని తొట్టెలలో వేసే రోజున నలుగురూ పాట పాడుతుంటే ఈమె లోపలికి వంగి చూసి, "పిల్ల ఊపిరి ఆగి ఆగి తీస్తున్నది, జూడుండ్రి" అంది. మరదలు ఏడుపు అందుకుంది. పాట ఆగిపోయింది. ఆ తర్వాత మమ్మల్ని ఏ శుభకార్యానికీ పిలవడం మానేశారు. ఆ పిల్లకిప్పుడు నాలుగేళ్ళు, గల్లీలో కుక్కల్ని తరుముతూ తిరుగుతుంది.

ఉన్నమాట చెప్పాలి. అప్పటిదాకా ఆమె అన్నవాటిలో ఒక్కటీ జరగలేదు. జరిగి ఉంటే నాకు ఆమె అంటే భయం పుట్టేదేమో. జరగలేదు కాబట్టి ఒళ్ళు మండేది. జరగనిదాన్ని పట్టుకుని రోజూ ఇంట్లో శవం లేచినట్టు కూర్చునే మనిషితో ఎవడు కాపురం చేస్తాడు?

"నీకేం కావాల్నే? ఎవలు చస్తే నీ పానం సల్లగైతది?" అని అరిచాను ఒకసారి.

"ఎవలు చావొద్దనే గదా చెప్తున్న" అంది. అంతే, మళ్ళీ ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది.

మా అమ్మ ఎవరో చేతబడి చేశారంది. తమ్ముడు పిచ్చి అన్నాడు. సుందరాబాయి మాత్రం, "కొందరు గట్లనే ఉంటరు అంబాదాసూ, అది ఆమె గుణం, వదిలెయ్" అనేది. నాకు ఆ మూడో మాట అస్సలు నచ్చేది కాదు. గుణమైతే చచ్చేదాకా భరించాలి. పిచ్చి అయితే మందు ఉంటుంది.

తొంభై రెండో సంవత్సరం ఎండాకాలంలో సిద్ధరాములు గొడవ జరిగింది.

నేను పనిచేసే కార్ఖానా మా గల్లీ చివరే. పన్నెండు సాంచాలు, అంటే మగ్గాలు, అన్నీ కరెంటువే. అందులో నాలుగు నావి. నావంటే నేను నడిపేవి. వాటి మీద తెల్ల టవాళ్ళు తప్ప ఇంకేమీ నేసేవాళ్ళం కాదు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నేను, రాత్రంతా సిద్ధరాములు. అవే సాంచాలు, పోగును అటూ ఇటూ మోసే నాడెలూ అవే. నాడెలో దారం చుట్టిన కండె ఉంటుంది, అది అయిపోగానే కొత్త కండె పెట్టాలి. దాని దారం కొసను నాడె పక్కనున్న సన్నని కన్నంలోంచి బయటికి తీయాలి. చేతితో తీస్తూ కూర్చుంటే పక్క సాంచె ఆగిపోతుంది. అందుకని కన్నానికి నోరు ఆనించి ఒక్క పీల్పు పీలుస్తాం. దారం నాలుక మీదికి వస్తుంది. మా నాయన అలాగే చేశాడు, నేనూ అలాగే చేస్తున్నాను. రోజుకు ఎన్ని వందలసార్లో లెక్క ఉండదు.

ఆ రోజు పొద్దున నేను పనిలోకి దిగేసరికి కరెంటు పోయి ఉంది. సాంచాలన్నీ ఆగి, పదిమందీ బయట నిలబడి ఉన్నారు. చంద్రభాగ నా సద్దిడబ్బా ఇచ్చేందుకు వచ్చింది. సిద్ధరాములు డ్యూటీ దిగి మొహం కడుక్కుంటూ దగ్గాడు. కార్ఖానాలో దగ్గనివాడు ఎవడు? గాలినిండా నూలుదుమ్మే కదా. కానీ ఆమె డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"గాయనకు టీబీ ఉన్నది" అంది అందరూ వినేట్టు. "గాయన నోట్ల వెట్టిన నాడె నువ్వు నోట్ల వెట్టకయ్యా."

సాంచాలు నడుస్తుంటే ఎవరికీ వినపడేది కాదు. ఆ నిశ్శబ్దంలో సేటు దాకా వినపడింది. వారం తిరగకముందే సేటు సిద్ధరాములును పనిలోంచి తీసేశాడు. పరీక్ష లేదు, విచారణ లేదు. ఊరికి పోయే ముందు సిద్ధరాములు మా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. చంద్రభాగ వైపు చూడలేదు.

"నేనేం పాపం జేసిన అన్నా మీ ఇంటామెకు?" అని నన్ను అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఈమె నోరు ఎలాగైనా మూయించాలని.

అశోక్ చౌక్ దగ్గర ఒక మానసిక వైద్యుడు ఉన్నాడని ఎవరో చెబితే తీసుకుపోయాను. వయసు మళ్ళిన మరాఠీ డాక్టరు, ఓపిక గల మనిషి. నిద్ర పడుతుందా, తిండి సహిస్తుందా అని ఆమెను అడిగాడు. సంతోషంగా ఎప్పుడు ఉంటావని అడిగాడు. ఆమెకు మరాఠీ బాగానే వచ్చు గానీ, ఆ ప్రశ్నకు మాత్రం నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"సంతోషంగ ఉన్నప్పుడే మస్తు భయమైతదని చెప్పు."

ఇది రోగమా, గుణమా, ఒక్కమాటలో చెప్పండి డాక్టర్‌సాబ్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "ఒక్కరోజులో చెప్పలేను. కొందరు లోకాన్ని అలాగే చూస్తారు, దానికి మందు లేదు, అక్కర కూడా లేదు. కొందరిని ఆ చూపే లోపల్నుంచి తినేస్తుంది. ఈమె ఏ రకమో తెలియాలంటే నెలనెలా తీసుకురావాలి. ఈలోగా కాస్త నిద్రపట్టేందుకు రాత్రిపూట ఒక గోళీ ఇస్తాను. ఒక్కటే. నెల తర్వాత చూసి మానిపిస్తాను" అన్నాడు. అంత చెప్పినా నాకు పట్టింది చేతికిచ్చిన చీటీ ఒక్కటే.

ఇంటికి నడుస్తూ ఆమె అడిగింది. "గీటితోని మాటలు ఆగుతయా, భయం ఆగుతదా?"

"భయం ఆగితే మాటలు అవే బంద్ అయితయి. భయం లేదంటే ఏం లేనట్టే" అన్నాను.

ఆమె ఆ మాటను చాలాసేపు ఆలోచించింది. తర్వాత తల ఊపింది.

పదిహేను రోజులు తిరిగేసరికి ఇంట్లో గాలి మారింది. చంద్రభాగ రాత్రంతా నిద్రపోయింది. పొద్దున లేచి ఏమీ అనకుండా చాయ్ పెట్టింది. ఒకరోజు నేను పనినుంచి వచ్చేసరికి సుందరాబాయితో కలిసి నవ్వుతూ బీడీలు కట్టలు కడుతోంది. ఆమె పళ్ళు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నిజం చెబుతున్నాను, నేను కొత్తగా పెళ్ళయినవాడిలా ఇంటికి పరుగెత్తుకొచ్చేవాణ్ణి.

నెల అయింది. డాక్టరు దగ్గరికి పోవాలంటే ఒక పూట పని పోతుంది. పైగా పోతే ఆయన గోళీ మానిపిస్తాడు. ఎందుకు పోవాలి? పాత చీటీ చూపిస్తే మందుల దుకాణంవాడు ఇస్తూనే ఉన్నాడు.

రెండో నెలలో ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆమె నా చేతి వైపు చూసింది. "నువ్వు బక్కగైనవ్" అంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. కానీ ఆ చూపు పాతది. మళ్ళీ మొదలవుతుందా? మళ్ళీ ఆ శవాలూ ఆ చావులూ నా పళ్ళెం ముందుకు వస్తాయా? ఆ రాత్రి ఆమె చేతిలో ఒకటికి రెండు గోళీలు పెట్టాను. మారుమాట్లాడకుండా మింగింది. అప్పటినుంచి రెండే. ఇంకో రెండు నెలలకు మూడు.

తర్వాత చంద్రభాగ కార్ఖానాకు రావడం మొదలుపెట్టింది. ఇదివరకు ఆ దుమ్ములోకి అడుగు పెట్టనిది, మధ్యాహ్నం సద్ది తెచ్చి నా పక్కనే కూర్చునేది. నేను తింటుంటే సాంచాలు ఆగకుండా తానే కండెలు మార్చేది. నేతగాడి బిడ్డ, ఆమెకు రాని పనా? నాడెకు నోరు ఆనించి దారం పీల్చి, కళ్ళతోనే నన్ను చూసి నవ్వేది. పక్క సాంచెలవాళ్ళు, "అంబాదాస్‌కు జోడీ దొరికింది" అని వేళాకోళం చేసేవాళ్ళు. నేనూ మీసం దువ్వాను.

అప్పటికే నాకు దగ్గు వచ్చి చాలా రోజులైంది. దుమ్ము అనుకున్నాను. సాయంత్రమయితే ఒళ్ళు వెచ్చబడేది, అలసట అనుకున్నాను. సాంచాల చప్పుడులో ఎంత దగ్గినా పక్కవాడికి కూడా వినపడదు. అందుకని దగ్గంతా అక్కడే దగ్గి ఇంటికి పోయేవాణ్ణి. ఒక మధ్యాహ్నం దగ్గి, చేతికి దొరికిన వేస్టు నూలు ఉండతో నోరు తుడుచుకున్నాను. తెల్ల నూలు మీద ఎర్రగా అంటింది. ఉండను వేస్టు సంచిలో అడుక్కి తోసి చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

ఆ వారమే సిద్ధరాములు బావ నరసయ్య అశోక్ చౌక్‌లో కనిపించాడు. మనిషి గుండు చేయించుకుని ఉన్నాడు.

"సిద్ధరాములు పోయిండు అంబాదాసన్నా. టీబీ. మొదట్లనే తెలిస్తే బతుకుతుండె అన్నరు డాక్టర్లు" అన్నాడు.

పదకొండేళ్ళలో చంద్రభాగ చెప్పింది ఒక్కటి నిజమైంది. ఆ నోరు మూయించడానికి గోళీలు తెచ్చింది నేను.

ఇంటికి పోయి అంతా చెప్పేద్దామనే బయల్దేరాను. గల్లీ మలుపు తిరగగానే ఆమె గొంతు వినపడింది. పాట పాడుతోంది. బీడీ చేట ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని పాడుతోంది. నిజం చెబితే పాత చంద్రభాగ తిరిగి వస్తుంది. చెప్పకపోతే ఈ చంద్రభాగ కూడా మిగలదు, ఎందుకంటే రోజూ నా నాడెలు ఆమె నోట్లోకి పోతున్నాయి. ఇంత తెలిసీ నేను లోపలికి పోయి చాయ్ అడిగాను. నా అంత పిరికివాడు ఉండడు.

"రేపటిసంది కార్ఖానాకు రాకు" అన్నాను.

"ఎందుకు?"

"మంది నవ్వుతున్నరు."

"నవ్వనీ, మంచిదే గదా" అని తానూ నవ్వింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. నేను ఎంత తొందరగా అన్నం మింగినా, ఆమె చేయి నాకంటే ముందే నాడెను అందుకునేది. అలా ఇరవై రోజులు గడిచాయి. ఆ ఇరవై రోజులూ నేను ఏం చేశానని ఎవరైనా అడిగితే, చూస్తూ కూర్చున్నానని చెప్పాలి.

మాకు వారానికి ఒకరోజు కరెంటు బంద్. ఆ రోజు నీలం నగర్‌లో ఒక్క సాంచె కూడా ఆడదు, చెవులు గుయ్యిమంటాయి. అలాంటి ఒక పొద్దున గోడకు ఆనుకుని కూర్చున్నాను. దగ్గు ఆగలేదు. వంటింట్లోంచి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నట్టు, ఇంకో దగ్గు వినపడింది. నేను ఆగాను. అదీ ఆగింది. నేను దగ్గాను. అది మళ్ళీ మొదలైంది.

లేచి పోయి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. సిద్ధరాములు చచ్చిపోయాడని చెప్పాను. నాకు నెత్తురు పడుతోందని చెప్పాను. చెప్పి, ఆమె కూలబడుతుందని పట్టుకునేందుకు సిద్ధంగా నిలబడ్డాను.

"నీకు నెత్తురు పడుతున్నదని నాకు ఎరుకే" అంది, చేతులు విడిపించుకుని పప్పు కలుపుతూ.

"ఎట్ల?"

"వేస్టు సంచిల జూసిన. నీ సాంచల మీద తెల్లనూలే గదా నడుస్తది, ఎర్రది ఎక్కడికెల్లి వస్తది? మూడు వారాలు దాటింది చూసి."

"మరి ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

ఆమె గరిటె పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది. "భయం కాలే" అంది. "జూసి, భయమైతదేమో అని ఆగిన. కాలే. నువ్వేగదా అంటివి, భయం లేదంటే ఏం లేనట్టే అని."

సర్కారు దవాఖానకు ఇద్దరినీ నేనే తోలుకుపోయాను. ఇద్దరికీ ఎక్స్‌రేలు తీశారు, ఇద్దరికీ మచ్చలున్నాయన్నారు. ఆరునెలలు, ఒక్కరోజు కూడా తప్పకుండా మందులు మింగితే బతుకుతారు, మధ్యలో ఆపితే మళ్ళీ ఏ మందూ పనిచెయ్యదని చెప్పి పంపారు. అక్కడినుంచి నేరుగా అశోక్ చౌక్ డాక్టరు దగ్గరికి పోయాను. ఎనిమిది నెలలుగా గోళీలా, అదీ రోజుకు మూడు దాకానా అని ఆయన కుర్చీలోంచి లేచాడు. ఒక్కసారిగా మానిపిస్తే ఫిట్స్ వస్తాయి, కొద్దికొద్దిగా నెలల తరబడి తగ్గించాలన్నాడు.

"భయం మళ్ళీ వస్తదా సాబ్?" అని అడిగాను. ఆ మాట అడుగుతానని నేను కలలో కూడా అనుకోలేదు.

"రావచ్చు. ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో నేను చెప్పలేను" అన్నాడు.

మూడు వారాలు ఆమె చేతిలో మందులు నేనే పెట్టాను. పెట్టి పనికి పోయేవాణ్ణి. పనికి అంటే, సేటు నన్నూ తీసేశాడు కాబట్టి, కూలి దొరికిన చోటికి. నిన్న పొద్దున మా ఇంటి మోరీ పక్కన పూడిక తీస్తుంటే మట్టిలో టీబీకి ఇచ్చిన ఎర్రని గోళీలు కనిపించాయి. ఒకటి కాదు, పిడికెడు. కరిగి, రంగు కారి ఉన్నాయి.

"చంద్రీ, గివి నువ్వు పారవోసినవా?"

"కడుపుల తిప్పుతున్నదయ్యా. మింగబుద్ధి అయితలేదు" అంది. దాచాలన్న ఆలోచన కూడా లేదు ఆమె మొహంలో. "గింత దానికి ఎందుకు పరేషాన్ అయితవ్? మంచిగనే ఉన్న గదా."

మంచిగా లేదు. చెంపలు లోపలికి పోయాయి, మెడ దగ్గర ఎముకలు లేచాయి. పదకొండేళ్ళపాటు లేని చావును ప్రతి గోడ మీదా చూసిన మనిషికి, తన ఒంటిమీదికి వచ్చినది కనిపించడం లేదు. నేను ఆమె ముందు నేలమీద కూలబడ్డాను.

"సచ్చిపోతవే" అన్నాను.

"ఎవలు సావరు? నువ్వు లే, బట్టలు ఖరాబైతయి."

"భయపడవే చంద్రీ. నీ కాళ్ళు మొక్కుత, ఒక్కసారి భయపడు. నన్ను తిట్టు, దూలం కూలుతదను, ఏమన్న అను. భయపడి గా మందులు మింగు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకు నా మీద జాలి కలిగింది. అది మాత్రం స్పష్టంగా కనిపించింది. కొంగుతో నా మొహం తుడిచింది. మారాం చేసే పిల్లవాణ్ణి ఊరుకోబెట్టడానికి ఏది అడిగితే అది చేసే తల్లిలా, ఒక క్షణం ఆలోచించి, కళ్ళు పెద్దవి చేసింది. నోరు తెరిచి, చేయి గుండె మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నా వైపు చూసింది.

"గిట్లనేనా?" అని అడిగింది.